ఎవరి మీద దొర?



మనం ఇవాళ తలుచుకుంటున్న సారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. అందుకే ఆయన స్మారకోపన్యాసానికి ఒక ఇంగ్లీషు మాటనే విషయంగా తీసుకున్నాను. ఆ మాట ‘ఎలీట్’. మన దగ్గర చాలామంది ‘ఎలైట్’ అంటారు, బోర్డుల మీదా అలాగే రాస్తారు. రెండూ ఒకటే. డబ్బు, చదువు, పదవి, పుట్టుక, వీటిలో ఏదో ఒకటో, అన్నీనో దండిగా ఉన్న కొద్దిమందిని కలిపి పిలిచే పేరది. టీవీ చర్చల్లో రోజూ వినిపిస్తుంది. పత్రికలు దాన్ని ‘ఉన్నత వర్గాలు’ అని రాస్తాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లా మీద పరిశోధన చేసే పిల్లల థీసిస్‌లలో ‘రూరల్ ఎలీట్’ అనే మాట పేజీ పేజీకీ తగులుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఆ ఒక్క మాటతో మన జిల్లా అర్థం కాదు. అది ఒక పక్షాన్నే చూపిస్తుంది. పైన ఉన్న మనిషి కనిపిస్తాడు. ఎవరి పైన ఉన్నాడో కనిపించదు. మన పాత మాటలు అట్లా కాదు. ‘దొర’ అనగానే ‘ఎవరి మీద?’ అనే ప్రశ్న లేస్తుంది, దానికి జవాబూ ఊళ్లోనే దొరుకుతుంది. ఇంగ్లీషు మాటను వదిలేయమని నేను చెప్పబోవడం లేదు. దాన్ని వాడిన ప్రతిసారీ ఆ ప్రశ్న కూడా అడగమంటున్నాను.

ముందు ఆ మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘ఎలిగెరే’ అంటే ఎంచుకోవడం, ఏరడం. దాని నుంచి ఫ్రెంచిలో ‘ఎలీట్’ వచ్చింది. ఏరి తీసినవాళ్లు అని అర్థం. మనం ఐదేళ్లకోసారి చూసే ఎలక్షన్ కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. క్రైస్తవ మతశాస్త్రంలో ‘ఎలెక్ట్’ అంటే దేవుడు ఎంచుకున్నవాళ్లు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి సైన్యంలో ప్రతి బెటాలియన్‌కూ ఏరిన సైనికులతో ప్రత్యేక కంపెనీలుండేవి, వాటిని ఎలీట్ కంపెనీలనేవారు. ఈ అర్థంలో ఆ మాట ఇప్పటికీ న్యాయంగానే నడుస్తోంది. 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ నక్సలైట్లను ఎదుర్కోవడానికి రూపొందించిన గ్రేహౌండ్స్‌ను ఎలీట్ దళం అంటే తప్పు లేదు. పరీక్ష పెట్టారు, పరుగెత్తించారు, నెగ్గినవాళ్లను తీసుకున్నారు. ఎంచినవాళ్లెవరో తెలుసు, ఎందుకు ఎంచారో తెలుసు.

ఇంగ్లీషులోకి వచ్చాక ఆ మాట సంఘం మీద పడింది. బైరన్ తన ‘డాన్ జువాన్’ పదమూడో సర్గలో, 1823లో, ఈ మాటను వాడాడు. విశేషమేమిటంటే దాని పక్కనే అడుగున మిగిలిన మడ్డికి ఫ్రెంచివాళ్లు వాడే మాటను కూడా నిలబెట్టాడు. అంటే ఆ రోజుల్లో పైభాగం గురించి చెప్పేటప్పుడు అడుగుభాగం కూడా గుర్తుండేది. తర్వాత ఆ జోడు విడిపోయింది. ఇటలీలో పరేటో, మోస్కా అనే ఇద్దరు పండితులు ఏ సమాజంలోనైనా పాలించే కొద్దిమంది ఉండి తీరతారని సిద్ధాంతం చేశారు. ఒక గుంపు పోతే ఇంకో గుంపు వస్తుందే తప్ప ఆ స్థానం ఖాళీగా ఉండదన్నాడు పరేటో. 1956లో అమెరికాలో సి. రైట్ మిల్స్ ‘ది పవర్ ఎలీట్’ రాశాడు. సైన్యం, పెద్ద కంపెనీలు, ప్రభుత్వం, ఈ మూడింటి పైమెట్టు మీద ఉన్నవాళ్లు ఒకే రకం బడుల్లో చదివి, ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి మారుతుంటారని చూపించాడు. మిల్స్ కోపంతో రాసిన పుస్తకం అది, అందుకే నాకు ఇష్టం. కానీ ఆ పుస్తకంలోంచి కోపం జారిపోయి, పేరు మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

ఆ పేరు లోపల మాత్రం ‘ఎంపికైనవాళ్లు’ అనే పాత అర్థం అట్లాగే కూర్చుని ఉంది. ఒక మనిషిని ఎలీట్ అన్నామంటే, తిడుతూ అన్నా సరే, అతను ఏదో యోగ్యత ఉండి అక్కడికి చేరాడని సగం ఒప్పుకున్నట్టే. ఇక్కడే నాకు సూర్యాపేట తాలూకా గుర్తొస్తుంది.

నిజాం రాజ్యంలో సుమారు అరవై శాతం భూమి దివానీ, అంటే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసేది. ముప్పై శాతం జాగీర్లు. పది శాతం సర్ఫేఖాస్, నిజాం సొంతం. దివానీ ఇలాకాల్లో పూర్వం శిస్తు గుత్తకు తీసుకుని వసూలు చేసినవాళ్లు దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండి 1860లలో జిలాబందీ పెట్టి, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా చేసి, ఆ గుత్త పద్ధతి తీసేసి సర్కారు ఉద్యోగులతో వసూలు మొదలుపెట్టాడు. పని పోయినందుకు దేశ్‌ముఖులకు వతన్లు, వార్షిక భత్యాలు ఇచ్చారు. కానీ ఊళ్ల లెక్కలన్నీ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. సర్వే జరిగి బందోబస్తు అయ్యేటప్పుడు రైతులకు తెలియకుండా మంచి మంచి భూములు వాళ్ల పేర ఎక్కాయి. ఎన్నో తరాలుగా దున్నుతున్నవాడు తెల్లవారేసరికి కౌలుదారయ్యాడు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో తెచ్చిన పుస్తకంలో ఆ లెక్కలున్నాయి. విసునూరు దేశ్‌ముఖ్‌కు నలభై వేల ఎకరాలు. సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు ఇరవై వేలు. మన తాలూకాలోనే ఎర్రపహాడ్‌కు చెందిన జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షా యాభై వేల ఎకరాలు.

లక్షా యాభై వేల ఎకరాలున్న మనిషిని ‘ఎలీట్’ అనండి. ఏమైనా తెలిసిందా? ఆయన్ని ఎవరు ఎంచారు? ఒక పట్వారీ కలం, ఒక సర్వే గొలుసు, చదువు రాని వేల మంది రైతుల వేలిముద్రలు. ఇవన్నీ ఆ మాటలో ఎక్కడా లేవు.

ఇప్పుడు ‘దొర’ అనండి. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అనే పిలుపు మన జిల్లాలో ముసలివాళ్లందరికీ తెలుసు. దొర ఒంటరిగా నిలబడే మాట కాదు. పిలిచేవాడు ముందు తనను బాంచెనుగా, అంటే దాసుడిగా, చెప్పుకుంటేనే అవతలివాడు దొర అయ్యేది. గడి అనగానే గడిలో పనికి పోయినవాళ్లు గుర్తొస్తారు. దొరసాని అనగానే ఆమె వెంట అత్తింటికి కట్నంలో భాగంగా పంపిన ఆడబాప గుర్తొస్తుంది. ఆసామికి జీతగాడు, పటేలుకు సుంకరి, పట్వారీకి నీరటి. ఊళ్లో ప్రతి అధికారపు మాటకూ కింద ఒక మనిషి ఉండేవాడు, ఆ మనిషికీ ఒక పేరుండేది. చాకలి బట్టలుతకాలి, కబుర్లు మోయాలి. కుమ్మరి కుండలివ్వాలి. మాదిగ చెప్పులు కుట్టాలి, మోట తొండాలు చేయాలి. దొర సవారీ పోతుంటే బండి ముందర ఉరకాలి. ఏదీ కూలికి కాదు. కరువులో గింజలు నాగుకు తెచ్చుకుంటే పంట మీద సగం కలిపి కొలవాలి. కూలి లేని ఆ పనికి వెట్టి అని పేరు. ఇంగ్లీషులో దీన్నంతటినీ ఫ్యూడల్ ఎలీట్ అంటే పై సగం మాత్రమే అనువాదమవుతుంది, కింది సగం నల్లగొండలోనే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక మాట అదనంగా చెప్పాలనిపిస్తోంది, సభలో కోదాడ వాళ్లున్నారు కాబట్టి. కోదాడ దాటితే పాత కృష్ణా జిల్లా. ఆ వైపు దొర అంటే ముందుగా తెల్లదొర. గోదావరి మీద ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌ను అక్కడి రైతులు కాటన్ దొర అని ఎంతో ప్రేమగా తలుచుకుంటారు, విగ్రహాలు పెడతారు. ఇంకా పైకి పోతే మన్యంలో కొండదొరలు ఒక గిరిజన తెగ. అల్లూరి సీతారామరాజుతో 1922లో కలిసి నడిచిన గాం మల్లుదొర, గంటం దొర పేర్లలో ఉన్నది కూడా ఈ దొరే, వాళ్ల మీద తుపాకులు పెట్టింది తెల్లదొరలు. ఒకే మాట, మూడు చోట్ల మూడు సంబంధాలు. కోదాడ బస్టాండులో నిలబడితే ఇటునుంచి వచ్చిన ముసలాయనకు ఆ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది, అటునుంచి వచ్చిన రైతుకు గోదావరి కాలువ గుర్తొస్తుంది. ఎవరి మీద, దేని వల్ల దొర అన్నది తెలిస్తే తప్ప ఆ మాట దేనికీ పనికిరాదని ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పరిశోధకులు ఇంకో చోట కూడా ఎలీట్ అనే మాట వాడతారు. నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల సంస్థగా మొదలైన ఆంధ్రమహాసభను నడిపింది ఎలీట్లేనంటారు. ఇందులో కొంత నిజం ఉంది, దాచనక్కర్లేదు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. తర్వాతి సభల అధ్యక్షుల్లో బూర్గుల రామకృష్ణారావు, మాడపాటి హనుమంతరావు, కొండా వెంకట రంగారెడ్డి, మందుముల నరసింగరావు ఉన్నారు. వకీళ్లు, చదువుకున్నవాళ్లు, భూములున్న ఇళ్ల బిడ్డలు. కానీ 1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో సభ జరిగినప్పుడు అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. ఆయనదీ బొల్లేపల్లి భూస్వామి కుటుంబమే. ఆ సభ నుంచి గాలి మారింది. 1944లో భువనగిరి సభ నాటికి మితవాదులు బయటికి పోయి, మహాసభ ఊళ్లలో ‘సంఘం’ అయింది. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి పడిన ఓట్లు జవహర్‌లాల్ నెహ్రూకు పడినవాటికంటే ఎక్కువ. ఆ ఓట్లు పుట్టుకకు పడలేదు. ఎలక్షన్ అనే మాటకు ఎంచుకోవడం అనే అర్థం మన జిల్లాలో నిజమైంది ఆ ఏడే.

సూర్యాపేట తాలూకా కర్విరాల కొత్తగూడెం నుంచి వచ్చిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం కూడా భూములున్న ఇంటి బిడ్డలే. వెట్టికి వ్యతిరేకంగా మహాసభ పిలుపిచ్చినప్పుడు పదేళ్లు దాటీదాటని ఆ పిల్ల, ఇంట్లో పెద్దలను కాదని వెట్టి చేసేవాళ్లకు బియ్యం కొలిచి ఇచ్చింది. తర్వాత సాయుధ పోరాట దళంలో రాజక్క అయింది, తలకు వెల కట్టారు, రెండుసార్లు తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లింది, 2022 మార్చిలో మనల్ని వదిలి వెళ్లింది. ఆమెను ఎలీట్ అనాలా? పుట్టిన రోజున అనొచ్చు. బియ్యం కొలిచిన రోజు నుంచి అనలేం. పుట్టుక మారలేదు, ఇల్లు మారలేదు. మారింది ఆ ఇంటికీ, ఆ ఇంటి పాలేర్లకూ మధ్య ఉన్న సంబంధం. ఎలీట్ అనే మాటకు ఆ తేడా పట్టదు. మన ఊరి మాటకు పడుతుంది. దొర బిడ్డ అన్నవాళ్లే ‘అక్క’ అన్నారు.

నాయకులనే తలుచుకుని ఆగిపోతే మళ్లీ అదే లోపం చేసినట్టు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో చనిపోయిన దొడ్డి కొమరయ్య గొర్లకాపరి. పాలకుర్తిలో తన కౌలు పొలం పంటను దొర గుండాలకు దక్కనివ్వని ఐలమ్మ చాకలి ఇంటి ఆడబిడ్డ. ఆ రెండు ఊళ్లూ అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోవే. వాళ్లిద్దరూ లేకపోతే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరు ఇవాళ ఎవరికీ గుర్తుండేది కాదు. వాళ్లు ఎవరి కింద అన్నది ఆయన వల్ల తెలిసింది, ఆయన ఎవరి మీద అన్నది వాళ్ల వల్ల తెలిసింది.

ఇంగ్లీషు వాళ్ల దగ్గర ఈ కుటుంబానికే చెందిన ఇంకో మాట ఉంది: ‘జెంటిల్‌మన్’. అసలు అర్థం మంచి పుట్టుక గలవాడు. మన చరిత్రలోకి అది 1956 ఫిబ్రవరి 20న వచ్చింది. ఢిల్లీలో ఆంధ్ర నుంచి నలుగురు, తెలంగాణ నుంచి నలుగురు కూర్చున్నారు. బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణ రాజు అటువైపు. బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు ఇటువైపు. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే, ఉద్యోగాల్లో ముల్కీ రక్షణ, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు. దాన్ని పెద్దమనుషుల ఒప్పందం అన్నారు. పెద్దమనుషులు అంటే మన ఊళ్లో రచ్చబండ మీద పంచాయతీ చెప్పేవాళ్లు. వాళ్ల తీర్పుకు కాగితం ఉండదు, వాళ్ల మాటే హామీ. ఢిల్లీ ఒప్పందానికి సంతకాలున్నా, చివరికి హామీగా మిగిలింది మాటే. నవంబర్ 1న రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, అప్పుడు తెలంగాణకు ఉపముఖ్యమంత్రి పదవి దక్కలేదు. ఎవరి తరఫున సంతకాలు పెట్టారో ఆ జనం కోర్టుకు పోదామంటే చట్టబలం ఉన్నదేదీ చేతిలో లేదు. 1969లో విద్యార్థులు రోడ్డెక్కడానికి అదొక కారణం. ఆ ఒప్పందానికి రెండేళ్ల ముందే, 1954లో, కె.వి. రెడ్డి ‘పెద్దమనుషులు’ అనే సినిమా తీశారు. ఇబ్సెన్ నాటకం ఆధారంగా, ఊరంతా గౌరవించే చైర్మన్ అసలు బతుకేమిటో చూపించిన కథ. ఢిల్లీలో ఒప్పందానికి ఆ పేరు పెట్టిన రోజున ఆ సినిమా చూసినవాళ్లకు ఎలా అనిపించిందోనని నేను చాలాసార్లు అనుకుంటాను.

మిర్యాలగూడ సంగతికొస్తాను. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు. ఎడమ కాలువ వచ్చాక ఈ నేల ముఖమే మారింది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇక్కడ భూములు కొని స్థిరపడ్డారు. వరి పెరిగింది, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు లేచాయి. ఇక్కడి ఉప్పుడు బియ్యం కేరళ దాకా పోతుంది. కొత్త సంపద, కొత్త కుటుంబాలు, కొత్త కల్యాణమండపాలు, కొత్త స్కూళ్లు. ఇప్పుడు థీసిస్ రాసే పిల్లవాడు వీళ్లను కూడా ఎలీట్ అంటాడు. దేశ్‌ముఖ్ ఎలీటే, మిల్లు యజమానీ ఎలీటే అయితే ఆ మాట ఇంక దేనికి?

ఇద్దరి మధ్య ఎంత దూరముందో చూడండి. మిల్లు యజమాని ముందు ఎవరూ చెప్పులు విడిచి నిలబడరు. ఒక మిల్లులో ధర నచ్చకపోతే రైతు ఇంకో మిల్లుకు బండి తోలొచ్చు. మిల్లరు అప్పు తెచ్చి యంత్రాలు పెట్టాడు, నష్టం వస్తే మునుగుతాడు. వీళ్లలో చాలామంది సొంత కష్టంతో ఎదిగినవాళ్లని ఇక్కడి మీకందరికీ తెలుసు, ఆ గౌరవం వాళ్లకివ్వాలి. కానీ సంబంధం ఉంది. కోతలయ్యాక వడ్లు కల్లంలో ఉంటాయి, మబ్బు పట్టి ఉంటుంది, మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారుగా ఉంటాయి. అప్పుడు తేమ ఎంతని ఎవరు చెప్తారు? తాలు పేరుతో, తరుగు పేరుతో క్వింటాలుకు ఎంత తీస్తారో ఎవరు నిర్ణయిస్తారు? ఆ ఒకటి రెండు రోజులు ఇంకో మిల్లుకు పోయే స్వేచ్ఛ కాగితం మీదే ఉంటుంది. ఇంకో వైపు సర్కారు వడ్లు మిల్లుకిచ్చి, క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యమో, 68 కిలోల ఉప్పుడు బియ్యమో తిరిగి ఇమ్మంటుంది. అక్కడ మిల్లరు సర్కారుకు జవాబుదారీ. మిల్లు లోపల బస్తాలు మోసే బిహారీ హమాలీల దగ్గరికొస్తే ఆయన యజమాని. ఒకే మనిషి మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నాడు. రైతు మీద వానొచ్చే రోజున, హమాలీ మీద ఏడాది పొడుగునా, అధికారి ముందు మాత్రం చేతులు కట్టుకుని. ఇది రాస్తే మిర్యాలగూడ అర్థమవుతుంది.

పిలుపు కూడా మారింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దు చేశాక ఊళ్లో ‘పటేలా’ అనే పిలుపు బలం పోయింది. ఇప్పుడు పలుకుబడి ఉన్న ప్రతివాడూ ‘అన్న’. ఫ్లెక్సీల మీద అన్న, ఫోన్‌లో అన్న, కాంట్రాక్టు ఇప్పించే అన్న. అన్న అంటే తోడబుట్టినవాడు, అక్కడ పై, కింద ఉన్నట్టే అనిపించదు. నేను దీన్ని తక్కువ చేయడం లేదు. కాళ్లు మొక్కడం పోయి అన్నా అనడం రావడం పెద్ద మార్పు, దానికి ప్రాణాలు పోయాయి. కాకపోతే దొరను ‘ఎవరి మీద?’ అని అడిగినంత సులువుగా అన్నను అడగలేం. చుట్టరికం అడ్డం వస్తుంది.

2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి పట్టపగలు నరికి చంపించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అప్పట్లో కొన్ని పత్రికలు అమ్మాయి ఇంటివాళ్లను ‘పలుకుబడి గల కుటుంబం’ అని రాశాయి, ‘పరువు హత్య’ అని రాశాయి. పలుకుబడి ఎవరి మీద? పరువు ఎవరి ముందు? ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ‘కులం’ అని ఒక్క మాటలో వస్తుంది. ఆ ఒక్క మాట రాయడానికి చేతులాడక మెత్తటి మాటలు వెతుక్కున్నారు.

ఈ మధ్య ఎలీట్ అనే మాటకు ఇంకో వాడుక వచ్చింది, ఇక్కడున్న ఇంటర్ పిల్లలకు అది తగిలే అవకాశముంది. ఇంగ్లీషు బాగా మాట్లాడే వాళ్లను, యూనివర్సిటీలో చదివిన వాళ్లను తిట్టడానికి ‘ఎలీట్’ అంటున్నారు. అమెరికా రాజకీయాల నుంచి ఇక్కడికి వచ్చిన అలవాటు. తుంగతుర్తి దగ్గర ఒక మాదిగ ఇంట్లో మొదటి తరం డిగ్రీ చేసిన అమ్మాయి హైదరాబాద్‌లో ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే, వందల ఎకరాలున్న నాయకుడు ఆమెను ఎలీట్ అనగలడు. అనడానికి ఆ మాట అతనికి వీలిస్తోంది, ఎందుకంటే అందులో భూమి లేదు, కులం లేదు, ఎవరి మీద అన్నది లేదు.

రిజర్వేషన్ల చర్చలో దీని తోబుట్టువు ‘క్రీమీలేయర్’. 1992 నవంబర్ 16న ఇంద్రా సహానీ తీర్పుతో వెనుకబడిన తరగతుల్లో పైమెట్టు వాళ్లను పక్కన పెట్టమన్నారు. 1993లో ఏడాదికి లక్ష రూపాయల ఆదాయం హద్దు పెట్టారు, 2017లో అది ఎనిమిది లక్షలైంది. 2024 ఆగస్టు 1న షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ సబబేనని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చినప్పుడు, వాళ్లలో కొందరు దళితుల్లోనూ క్రీమీలేయర్‌ను గుర్తించాలన్నారు. వర్గీకరణ కోసం మాదిగలు చేసిన పోరాటం న్యాయమైందని నేను నమ్ముతాను, ఆ తీర్పును ఆహ్వానించాను. క్రీమీలేయర్ దగ్గర మాత్రం మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి 1985లో వసంతకుమార్ కేసులో లేవనెత్తిన ప్రశ్న మళ్లీ అడగాలి. రిజర్వుడు సీట్లను వెనుకబడినవాళ్లలో పైవాళ్లు ఎత్తుకుపోతున్నారని బాధపడేవాళ్లు, మిగతా సీట్లను మొత్తం సమాజంలో పైవాళ్లు ఎత్తుకుపోవడాన్ని ఎందుకు తప్పనరు? మీగడ అనే మాట కిందివాళ్ల గిన్నెకే ఎందుకు పనికొస్తోంది? ఆయన అడిగి నలభై ఏళ్లయింది. కోచింగ్ సెంటర్ల ‘ఎలైట్ బ్యాచ్’ బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఆ ప్రశ్న గుర్తొస్తుంది. ఆ బ్యాచ్‌కు ఏ ఇళ్ల పిల్లలు ఫీజు కట్టగలరు, ఆరో తరగతి నుంచి ఎవరు తయారవుతూ వచ్చారు అన్నది ఆ బోర్డు చెప్పదు.

చివరగా ఈ ఏడు వ్యాసరచన పోటీ గురించి. సారు పేరిట ఉన్న స్మారక నిధి నిర్వాహకులతో మాట్లాడి విషయం నిర్ణయించాం: ‘మా ఊళ్లో ఎవరు ఎవరి మీద?’ ఎలీట్, ఉన్నత వర్గం, సంపన్న శ్రేణి అనే మాటలు వాడకూడదు. మీ ఊరి రికార్డు చూసి రాయాలి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెడితే ఇస్తారు. అందులో పట్టాదారు ఎవరో ఒక కాలమ్‌లో ఉంటుంది, నిజంగా ఆ నేల మీద కబ్జాలో ఉండి దున్నుతున్నదెవరో ఇంకో కాలమ్‌లో ఉంటుంది. రెండు పేర్లూ ఒకటేనా, వేరా చూడండి. వేరైతే వాళ్లిద్దరి కులాలేమిటో, ఆ రెండో పేరు తర్వాతి పహాణీల్లో ఏమైందో ఇంట్లో తాతలను, నానమ్మలను అడగండి. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళన తర్వాత, ధరణి రోజుల్లో, ఆ అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు, పట్టాదారుకే ఇచ్చింది. కౌలుకు చేసేవాళ్లకు రాలేదు. పట్టాదారు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్న పొలాలు మీ ఊళ్లో ఎన్నున్నాయో, వాటిలో నాట్లేస్తున్నదెవరో, కౌలు ఎకరానికి ఎన్ని బస్తాలో రాయండి. వ్యాసం తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా ఒకే బహుమతి. పహాణీ నకలు జత చేయడం మరవొద్దు. నకలు ఫీజు నిధి ఇస్తుంది, రసీదు తెచ్చుకోండి.